పాలతోనే కడుపు నిండిన పిల్ల

సాయంత్రం నాలుగూ ఇరవైకి నేను పనిచేసే బడి నుంచి వచ్చి గేటు దగ్గర బండి ఆపాను. మూడేళ్ల మా అమ్మాయి ఝాన్సీ రోజూలాగే అరుగు దిగి నా వైపు వచ్చింది. వాకిలి సగం దాటకముందే కూర్చుండిపోయింది. ఆయాసపడుతోంది. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"ఎండకి అలిసిపోనాదిరా. పాలు పడతాను, లేస్తాది," అంది మా అమ్మ.

ఝాన్సీకి ఏడాది నిండిన నెలలోనే నా భార్య సుజాత ఆసుపత్రిలో చనిపోయింది. అప్పటి నుంచి అమ్మే పెంచుతోంది. ఎండ తగలనివ్వలేదు, సంక దింపలేదు. అన్నం వద్దంటే ఫోను చూపించి నాలుగు ముద్దలు, అదీ కుదరకపోతే సీసాతో పాలు. పిల్ల బొద్దుగా ఉండేది, అందుకే మాకు అనుమానం రాలేదు. గోడ సున్నం గీకి నోట్లో పెట్టుకుంటుంటే, అది రక్తం తగ్గిన గుర్తని తెలియక అల్లరి అనుకున్నాం.

విజయనగరంలో పిల్లల డాక్టరు కింది రెప్ప లాగి చూసి సీబీసీ రక్తపరీక్ష రాశారు. పదకొండైనా ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఆరు.

"ఐరన్ డెఫిషియన్సీ ఎనీమియా. ఐరన్ చాలక రక్తం తగ్గింది. రోజుకి ఎన్ని సీసాలు పడుతున్నారమ్మా?"

"అడిగినన్ని బాబూ. నా కోడలు పోయే ముందు ఒకటే సెప్పింది, పిల్లకి పాలు మానిపించీకు అత్తా అని. ఆ మాట తప్పలేదు."

డాక్టరు అమ్మ వైపు తిరిగారు. "ఆవిడ చెప్పింది ఏడాది పిల్ల గురించమ్మా. ఇప్పుడు ఈ పిల్లకి మూడేళ్లు. పాలలో ఐరన్ చాలా తక్కువ. వాటితోనే కడుపు నిండిపోతే ఇక ఆకలెక్కడిది?"

ఐరన్ సిరప్ రాసి, పాలు బాగా తగ్గించి గ్లాసుతో ఇమ్మన్నారు. సిరప్ వల్ల విరేచనం నల్లగా వచ్చి అమ్మ భయపడింది. ఝాన్సీ అన్నం ముట్టక సీసా కోసం ఏడ్చేది. నేను బడికి వెళ్లాక అమ్మ నాకు తెలియకుండా సీసా పట్టేది. నెల తర్వాత మళ్లీ చూపిస్తే హిమోగ్లోబిన్ కదలలేదు. "ఇంకా తగ్గితే గుండె మీద భారం పడుతుంది. బ్లడ్ ఎక్కించాల్సి వస్తుంది," అన్నారు డాక్టరు.

ఇంటికి రాగానే అమ్మ సీసా కడిగి నా చేతిలో పెట్టింది. "నీ కాడే ఉంచురా. నా సేతికి అందనీకు. అది ఏడిస్తే నాను ఉండలేను."

"సుజాత ఏమీ అనుకోదమ్మా," అన్నాను. ఆమె పోయాక ఆమె గురించి మేమిద్దరం మాట్లాడుకున్నది అదే మొదటిసారి.

ఆ వారం కష్టంగా గడిచింది. ఝాన్సీ రెండు ముద్దలు తిని పళ్ళెం తోసేసేది. మేం బతిమాలలేదు. చోడి అంటే రాగి అంబలి, మునగాకు పప్పు, గుడ్డు, నెత్తళ్ళ చేపలు: మేం తినేవే, కారం తగ్గించి మాతోపాటే పెట్టాం. రక్తం పెరిగేకొద్దీ బయట ఆడనివ్వమన్నారు డాక్టరు. ఒకరోజు కోడిపిల్లల వెంట పడుతుంటే పక్కింటి అప్పలనర్సమ్మ నవ్వింది.

"ఒసే ఝాన్సీ, నానమ్మ సంక దిగినావేటే! నీకూ కాళ్లున్నాయన్నమాట!"

"ఉన్నాయి, సూడు," అని గెంతింది.

ఇప్పుడు దానికి ఐదో ఏడు. హిమోగ్లోబిన్ పదకొండు దాటింది. సాయంత్రం కళ్లంలో పిల్లలతో పరిగెత్తి, చెమటతో వచ్చి "అన్నం ఎట్టు నానమ్మా" అంటుంది. ఆ మాట వినడానికి సుజాత లేదు.

చిన్నపిల్లలున్నవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. భోజనానికి ముందు ఒక గంట పిల్లను బయట ఆడనివ్వండి, ఆ గంటలో పాలు, బిస్కెట్లు ఇవ్వకండి.

పళ్ళెం పట్టుకుని పిల్ల వెనక మా ఇంట్లో ఇప్పుడెవరూ తిరగరు.