పిల్ల కడుపులో జంతువు

మా అమ్మాయికి ఏడేళ్లు వచ్చినా ఐదేళ్ల పిల్లలా ఉండేది. రెండు పళ్లేల అన్నం తిన్నా ఒళ్లు చేసేది కాదు, బడిలో కునికిపాట్లు పడేది. ఒకరోజు మహారాష్ట్రలోని మా అంకిసలో మరాఠీ బడికి వచ్చిన నర్సమ్మ, పిల్ల కడుపులో ‘జంత్’ ఉండొచ్చని చెప్పి, అన్నం తిన్నాక నమలమని ఒక మాత్ర ఇచ్చి పంపింది. మరాఠీలో జంత్ అంటే నులిపురుగులు. పిల్ల ఇంటికొచ్చి ఆ మాటే చెప్పింది. గోదావరి అవతలి నుంచి వచ్చిన మా అత్తకు మరాఠీ రాదు.

నేను నాట్లు వేసి ఇంటికొచ్చేసరికి ఆమె మనవరాలి పొట్టకు చెవి ఆనించి వింటోంది.

“పోరి కడుపుల జంతువున్నదట! గుర్రుమంటున్నది. బువ్వ పెడితే ఇంకింత పెరుగుతదని పెట్టలే,” అంది.

“అది ఆకలి చప్పుడు అత్తమ్మా! జంత్ అంటే నట్టలు.”

“మేకలకైతయ్, గవేనా? గా ముక్క ముందుగాల చెప్పద్దా! పిల్లినో, కుక్కనో అనుకొని పరేషానైన.”

పిల్ల అన్నం తిని మాత్ర నమిలింది. ఆ తర్వాత బడిలో మాత్రలు ఇచ్చినప్పుడల్లా వేసుకుంది. మెల్లగా ఎత్తు పెరిగింది. మట్టిలోంచి పురుగులు అరికాళ్ల గుండా ఎక్కుతాయని నర్సమ్మ చెప్పినప్పటి నుంచి, పిల్ల చెప్పుల్లేకుండా గడప దాటితే అత్త ఊరుకోదు. తాను మాత్రం ఉత్త కాళ్లతోనే వెంటపడుతుంది.