రెండు ముళ్ల దారం

హైదరాబాదులో నిశ్చితార్థపు జంటను ఆరుబయటికి తీసుకెళ్లి, రాళ్ల మీద నిలబెట్టి, కొత్త కొత్త భంగిమల్లో ఫొటోలు తీయించే పద్ధతి కనిపెట్టింది నేనే. ఇప్పుడు డ్రోన్లంటారు, రంగుల పొగలంటారు. అవేవీ పుట్టకముందు, రెండువేల సంవత్సరం ఇంకా రాకముందే, మాదాపూర్ గుట్టల మీద ముప్పై మంది పనివాళ్లతో, ఒక తెల్లగుర్రంతో నేను తీయించిన ఫొటో చూడడానికి మదీనాగూడ స్టూడియో ముందు జనం వరుస కట్టారు.

ఈ మాట పాతికేళ్లుగా చెబుతున్నాను. విన్నవాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆ నవ్వు అయిపోయాక ఛాతీలో ఏదో బరువు మిగిలిపోతుంది. చాలా ఏళ్లు అది అజీర్తి అనుకున్నాను. మందులు కూడా మింగాను. అజీర్తి కాదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనివ్వను. అందుకే మీతో చెప్పడం తేలిక.

ముందు గుర్రం సంగతి తేల్చేద్దాం. గుర్రం లేదు. గుట్ట కింద నుంచి ఇసుక మోసుకుంటూ ఒక గాడిద పోయింది, అంతే. ముప్పై మందీ లేరు. ఉన్నది నలుగురం: మా అక్క కూతురు సుజాత, దానికి కాబోయే భర్త కిరణ్, స్టూడియో యాదగిరి, నేను. జనం వరుస కట్టిన మాట నిజమే గానీ, అది స్టూడియో పక్కనున్న కిరోసిన్ డిపో ముందు.

చూశారా, ఇంతవరకు ఒప్పుకోవడం ఎంత సులువో. గుర్రాన్ని కలిపినా తీసేసినా గుర్రానికి వచ్చే నష్టమేమీ లేదు. కానీ నా అబద్ధంలో ఒక మనిషి కూడా ఉన్నాడు. ఆయన్ని ఇన్నేళ్లూ తీయలేకపోయాను.

ఆయన పేరు నర్సింహాచారి. మదీనాగూడలో మా సందు చివర ఒకే గది దుకాణం. కుంపటి, ఊదుగొట్టం, అద్దాల పెట్టెలో చిన్న త్రాసు. తాతల కాలం నుంచి ఆ చుట్టుపక్కల ఊళ్లకు బంగారు పని చేసిన ఇల్లు వాళ్లది. మేము కోస్తా నుంచి వచ్చి అక్కడ స్థలం కొనుక్కున్న కొత్తలో నమ్మకమైన కంసాలి ఎవరని అడిగితే, అందరూ ఆ గదే చూపించారు. ఆయన కొలత అంటే కొలతే. చేసిన గాజు ఎక్కకపోవడం, జారిపోవడం ఎవరూ ఎరగరు. ఆ మనిషికి ఆస్తి అంటూ ఉంటే ఆ పేరే.

సుజాత, కిరణ్ ఇద్దరూ అప్పుడే కట్టిన గుండ్రటి అద్దాల భవనంలో ఉద్యోగం చేసేవారు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకు మతిపోతుందట, పోకుండా చూడడం వాళ్ల పని. పెళ్లి ఖాయమైంది. కిరణ్‌కి ఒక కోరిక పుట్టింది. ఉంగరం సుజాతకు తెలియకుండా చేయించాలి, తొడిగితే మొదటిసారే సరిగ్గా పట్టాలి. "అంకుల్, తన వేలి సైజు మీరేమైనా..." అని నసిగాడు.

"నాకొదిలెయ్" అన్నాను.

నా జబ్బుకి పేరు పెట్టాల్సి వస్తే ఆ మాటే పెట్టాలి.

కొలత ఒక్కటే తెచ్చి ఊరుకున్నానా? ఉంగరం ఎలా ఉండాలో కూడా నేనే తేల్చాను. కిరణ్ అమ్మగారు కెంపు కావాలన్నారు. కిరణ్‌కి తెల్లరాయి మీద మనసు. నేను రాయే వద్దన్నాను. ఎందుకంటే నా బుర్రలో అప్పటికే ఒక ఫొటో తయారై ఉంది. గుట్ట మీద సుజాత చెయ్యి చాపుతుంది. యాదగిరి కింద కూర్చుని కెమెరా పడతాడు. దూరంగా ఉన్న ఆ అద్దాల భవనం సరిగ్గా ఉంగరం మీద రాయిలా కూర్చుంటుంది! ఇద్దరూ పనిచేసే చోటే వాళ్ల ఉంగరానికి రాయి. ఆ ఫొటోను పెద్దది చేయించి నిశ్చితార్థం హాలు గుమ్మంలో పెడితే చుట్టాల ముందు నా స్థానం ఎక్కడుంటుందో ఊహించుకున్నాను. పెళ్లికూతురి స్థానం గురించి అంతగా ఊహించుకోలేదు.

కొలత ఎలా తెచ్చానో వినండి. ఒక ఆదివారం కూకట్‌పల్లిలో మా అక్క ఇంటికి వెళ్లి, సుజాత చెయ్యి పట్టుకుని హస్తసాముద్రికం మొదలుపెట్టాను. ఉంగరపు వేలికి దారం చుడితే అత్తగారి స్వభావం తెలుస్తుందన్నాను. "ఎలా ఉంటుంది మావయ్యా?" అంది అది. "వదులుగా ఉంటే మంచిది" అన్నాను నోటికొచ్చినట్టు. దారం చుట్టి, కొస వచ్చి కలిసినచోట ముడి వేశాను. కొస నుంచి ముడి దాకా వేలి చుట్టుకొలత. దారం జేబులో వేసుకుని స్కూటరెక్కాను.

దారిలో మిరపకాయ బజ్జీల బండి. నేను నాలుగు తిని, ఇంటికి నాలుగు కట్టించుకున్నాను. బండివాడి దగ్గర పురికొస అయిపోయింది. పొట్లం విచ్చుకుపోతోంది. జేబులో చెయ్యి పెడితే దారం తగిలింది. ఏ దారమో ఆలోచించకుండా కట్టేశాను. ముడి కూడా వేశాను.

చారి దుకాణం ముందు స్కూటరు ఆపాక గుర్తొచ్చింది. పొట్లం విప్పి చూస్తే దారానికి రెండు ముళ్లు. ఒకటి కొసకు దగ్గరగా, ఒకటి కాస్త దూరంగా. ఏది వేలిది, ఏది బజ్జీలది?

వెనక్కి వెళ్తే పావుగంట. మళ్లీ ఏదో ఒక సాముద్రికం చెప్పి కొలిచి తేవచ్చు. ఆ పావుగంటకు బద్ధకించాను. బదులుగా తర్కం వాడాను. దగ్గరి ముడిని నా చిటికెన వేలికి చుట్టి చూశాను, చాలలేదు. దూరపు ముడి సరిపోయింది. చిటికెన వేలికే చాలని కొలత ఉంగరపు వేలికెలా చాలుతుంది? కాబట్టి దూరపు ముడే సుజాతది. నా చిటికెన వేలు దాని బొటనవేలంత ఉంటుందన్న సంగతి ఆ తర్కంలోకి రాలేదు.

అక్కర్లేని ముడిని విప్పేసి దారం చారి చేతికిచ్చాను. ఆయన మాట్లాడకుండా తీసుకుని డబ్బీలో వేసుకున్నాడు.

నిశ్చితార్థం సోమవారం. శనివారం సాయంత్రం గుట్టలెక్కాం. ముహూర్తానికి ముందే ఉంగరం వేలికెక్కిందంటే పెద్దవాళ్లు ఊరుకోరు కాబట్టి, ఎవరికీ చెప్పకుండా వెళ్లాం. కిరణ్ డబ్బా తెరిచి ఉంగరం చూపించగానే సుజాత ముఖం వెలిగిపోయింది. ఫొటో వరకే, మళ్లీ డబ్బాలో పెట్టేద్దామన్నాను. అది వేలికి పెట్టుకుని, చెయ్యి తిప్పి చూసుకుని, ఏదో అనబోయి ఊరుకుంది. పిల్లాడు అంత ఇష్టంగా చేయించాడు, ఏమంటుంది పాపం.

"చెయ్యి ఇంకా చాపు! వేళ్లు కిందికి వాల్చు! భవనం ఇంకా ఎక్కలేదు!" అని అరుస్తున్నాను నేను.

భవనం ఎక్కింది. ఉంగరం దిగింది. రాయికి తగిలి టింగుమంది. రెండు బండల మధ్య నెర్రెలో పడింది.

కిరణ్ మెడలో టైతోనే బోర్లా పడుకుని నెర్రెలోకి చెయ్యి పెట్టాడు. మోచేయి దాకా వెళ్లింది గానీ ఉంగరం అందలేదు. సుజాత ఏడుపు ఆపుకుంటూ కూర్చుంది. యాదగిరి నా దగ్గరకొచ్చి నెమ్మదిగా, "సార్, గిది గూడ తియ్యాల్నా?" అని అడిగాడు. ఎల్లుండి రెండు కుటుంబాల ముందు ఖాళీ డబ్బా తెరవాలి.

కింద రాళ్లు కొడుతున్న ఒకావిడ మా అరుపులు విని పైకొచ్చింది. కాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"జర జరుగుండ్రి. ఏం సదివిన్రు మీరు?"

"ఇంజనీరింగ్" అన్నాడు కిరణ్, బోర్లా పడుకునే.

ఆవిడ ఇనుప తీగ తెచ్చింది. కిరణ్ నోట్లోని చూయింగ్ గమ్ అడిగి తీసుకుని కొసకు అంటించింది. రెండు నిమిషాల్లో ఉంగరం పైకొచ్చింది. దాన్ని కొంగుతో తుడిచి, సుజాత వేలు చూసి, మళ్లీ ఉంగరం చూసింది.

"గింత ఏలికి గంత ఉంగరమా? ఎవడు కొలిసిండు?"

ముగ్గురూ నా వైపు తిరిగారు.

ఆ క్షణానికి ఎన్నిసార్లు తిరిగి వెళ్లానో. 'నేను' అని ఒక్క మాట అంటే చాలు. నవ్వేవాళ్లు. ఇంకో పదేళ్లు బజ్జీల మావయ్య అని ఏడిపించేవాళ్లు. అంతకుమించి ఏం పోయేది? కానీ ఫొటోలు తీయించే మేధావిగా గుట్ట ఎక్కినవాణ్ని బజ్జీల మావయ్యగా దిగడానికి మనసొప్పలేదు.

"చారి" అన్నాను. "కొలత లూజు పెట్టాడు."

ఉంగరం గీరుకుపోయింది గనక దాచడం కుదరలేదు. ఇంట్లో మళ్లీ అదే చెప్పాను, ఇంకాస్త గట్టిగా. మా అక్క చారిని పిలిపించింది. అందరి ముందు అడిగింది. ఆయన ఉంగరం చేతిలోకి తీసుకుని, ఒక్కసారి నా ముఖంలోకి చూసి, "రేపు పొద్దుగాల తెస్తనమ్మా" అన్నాడు. తెచ్చాడు. ముహూర్తానికి అది సుజాత వేలికి అతికినట్టు పట్టింది.

ఆయన చూపుకి భయపడ్డానేమో, నిశ్చితార్థం భోజనాల దగ్గర ఇంకా రెచ్చిపోయాను. ఎవరో వడ్డాణం వదులైందంటుంటే, "మా లూజు చారికి ఇవ్వండి, ఇంకా వదులు చేసి పెడతాడు" అన్నాను. పంక్తి పంక్తి నవ్వింది. నవ్వితే నేను ఆగను, అదొక యావ. ఆ మధ్యాహ్నం ఆ మాట ఆరేడుసార్లు అన్నాను.

పేరు అంటుకుంది. పెళ్లి నగలు ఊళ్లోని పెద్ద షాపుకు వెళ్లాయి. కాలనీలో ఎవరైనా చారి దగ్గరికి వెళ్తుంటే, రెండుసార్లు కొలిపించుకోండి అని నవ్వేవాళ్లు. కొన్నాళ్లకు ఆయన తలుపు మీద రాసి పెట్టాడు: "దారం కొలత తీసుకోబడదు. మనిషి రావలెను." ఆ రాత చూడకుండా ఉండడానికి నేను స్కూటరు వెనక సందులోంచి తిప్పుకునేవాణ్ని. బడిలో పిల్లలు ఆయన చిన్నకూతురిని లూజు చారి బిడ్డ అని పిలుస్తున్నారని ఒకరోజు విన్నాను. ఆ వేళ అన్నం సహించలేదు. అయినా నోరు విప్పలేదు. తర్వాత హైవే మీదికి పెద్ద పెద్ద నగల షాపులు వచ్చాయి, చారి దుకాణం మూతపడింది. ఎలాగూ మూతపడేదే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట నిజమే అయ్యుండవచ్చు. అయితే మాత్రం? మూతపడేలోపు ఆయన బతికిన ఏళ్లు ఎవరివి? ఆ పేరుతో ఆ గదిలో కూర్చున్నది నేనా?

ఇదంతా మొదటిసారి కాగితం మీద పెట్టాను. ఛాతీ కొంచెం తేలికైంది. అయితే ఆయనకు చెప్పకుండా మీకు చెప్పడం మళ్లీ దొంగదారే అనిపించింది. ఆరా తీస్తే, చారి బాచుపల్లిలో ఆ చిన్నకూతురి దగ్గరే ఉంటున్నాడని తెలిసింది. నిన్న ఆటోలో వెళ్లాను. ఆమే తలుపు తీసింది. మంచినీళ్లిచ్చింది. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియలేదు.

చారి ఎదురుగా కూర్చుని ఈ కాగితాలన్నీ చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. గాడిద దగ్గర, చూయింగ్ గమ్ దగ్గర నవ్వాడు. మిగతాచోట్ల నవ్వలేదు. చదవడం అయ్యాక ఉండబట్టలేక అడిగాను.

"ఆ రోజు అందరి ముందు ఎందుకు ఊరుకున్నావు చారీ?"

"మీరు పిల్లకు మేనమామ. శుభకార్యం ముంగట మేనమామ ఇజ్జత్ తీస్తరా ఎవరన్న?"

పోనీలే సారూ అంటాడేమోనని చూశాను. అనలేదు.

"మంచిగనే రాసిన్రు" అన్నాడు. "గని దారం ముచ్చట తప్పు రాసిన్రు."

"ఎక్కడ?"

"మీరు ముడి ఇప్పలే. నేను సప్పుడు చెయ్యకుండ తీసుకోలే. రెండు ముళ్లు అట్లనే ఉండె. ఏ ముడి సారూ అని అడిగిన. దగ్గరిది ఆడపిల్ల ఏలిది లెక్క కనవడుతున్నది, పిల్లను ఒకపారి తోలుకరాండ్రి, నేను ఆగుత అన్న. మీరేమన్నరో యాది ఉన్నదా?"

లేదన్నాను. అది కూడా అబద్ధమే.

"'బంగారం సంగతి నువ్వు చూసుకో, మా పిల్ల వేలి సంగతి నాకు చెప్పకు' అన్నరు. ఇంకోపారి అడిగిన. గప్పుడు గూడ గదే అన్నరు. మీకు ఏ ముడో తెల్వక గాదు సారూ, నేను చెప్పిన, మీరు ఇనలే. గది రాయుండ్రి."