మూడు గంటల కాడ నీళ్లు

మా మిలిటరీ తాత మీద సినిమా తీస్తున్నారంటే ఉదయగిరిలో మొదట నమ్మనిది మా అమ్మ. "ఆయన నోటికి సెన్సారోళ్లు ఒప్పుకుంటారా?" అని అడిగింది. ఆమె అనుమానం న్యాయమైనదే. ఆ నోటికి జడిసి మా వీధిలోకి కూరగాయల బండివాడు కూడా చిన్నగా అరుస్తూ వస్తాడు.

తాత మా అమ్మకు వరసకు పెదనాన్న. మిలిటరీలో లారీ నడిపేవాడు. ఒకనాడు లారీ బ్యాటరీ మొహం మీద పేలి, అందులోని యాసిడ్ రెండు కళ్లూ తినేసింది. అవ్వ పోయాక మా పక్కింట్లో ఒక్కడే ఉంటున్నాడు. నేను ఇంటర్‌లో ఉన్నప్పటి నుంచి, అంటే ఆరేళ్లుగా, మా ఇంటి నుంచి క్యారియర్ తీసుకుపోయి వడ్డించేది నేనే. వడ్డించడానికి ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. కంచాన్ని గడియారం అనుకోవాలి. పప్పు పన్నెండు గంటల కాడ, పచ్చడి తొమ్మిది గంటల కాడ, నీళ్లు మూడు గంటల కాడ అని చెప్పి పెట్టాలి. మిలిటరీలో శత్రువు ఏ దిక్కున ఉన్నాడో అలాగే చెబుతారట. మా అమ్మ చేసే గోంగూర పచ్చడి తాతకు ఎటూ శత్రువే కాబట్టి పద్ధతి బాగానే కుదిరింది.

నేను ఆయనకు ఎదురుగా పీట వేసుకుని కూర్చుని గంటలు చెబుతాను. ఆయన చెయ్యి తిన్నగా పోయి అందుకుంటుంది. కళ్లు పోయిన ఇన్నేళ్లలో ఒక్క గ్లాసు కూడా ఒలకబోయలేదన్నది ఆయన గొప్ప. సర్వీసు సంగతులు అడిగితే విసుక్కుంటాడు గానీ, గ్లాసు సంగతి మాత్రం ఇంటికొచ్చిన కరెంటు బిల్లు మనిషికి కూడా చెబుతాడు.

దర్శకుడు హైదరాబాదు నుంచి వచ్చాడు. మా ఎండల్లో మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుని తిరిగాడంటే అతని పట్టుదల అర్థం చేసుకోవచ్చు. కొండ మీది కోట చూసి "సోల్ ఉంది" అన్నాడు. మా ఊళ్లో చెక్కే కొయ్య గరిటెలు చూసి వాటిలోనూ సోల్ ఉందన్నాడు. తాతను చూసి "సార్‌లో చాలా సోల్ ఉంది" అన్నాడు. "సోల్ అంటే ఏంది పాపా, చెప్పు కింద ఉండేదా?" అని తాత నన్ను గట్టిగానే అడిగాడు. దర్శకుడు దాన్ని కూడా పుస్తకంలో రాసుకున్నాడు.

మూడు రోజులు కూర్చుని కథంతా విన్నాడు. బ్యాటరీ నచ్చలేదు. "బ్యాటరీ అంటే ఆడియన్స్‌కి ఎక్కదు సార్. మంచు కొండల్లో బాంబు పెట్టుకుందాం" అన్నాడు. తాత ఏమాత్రం బాధపడలేదు. "పెట్టుకో నాయనా. కళ్లు ఎట్టా పోయినా పోయినట్టే గదా" అన్నాడు. తర్వాత అతనికి నేను కూడా నచ్చలేదు. బీకాం ఫైనలియర్‌లో ఉన్న, తాత దగ్గరే నోరు నేర్చిన పిల్ల తోడుగా ఉంటే జనానికి ఏడుపు రాదట. నా బదులు పదేళ్ల అనాథ పిల్లవాణ్ని పెట్టాడు. వాడు పిల్లనగ్రోవి ఊదుతాడు. ఉదయగిరిలో పిల్లనగ్రోవి ఊదే పిల్లవాణ్ని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

అన్నిటికీ తలూపిన తాత ఒక్కచోట మాత్రం పట్టుబట్టాడు. "బాంబు పెట్టుకో, బాకా ఊదించుకో, నాకేం లేదు. గ్లాసులు ఒలకబోసుకునే గుడ్డోణ్ణిగా మాత్రం నన్ను చూపించొద్దు. ఆ ఒక్కటీ మాటియ్యి" అన్నాడు. దర్శకుడు ఆయన చెయ్యి రెండు చేతులా పట్టుకుని "ప్రామిస్ సార్" అన్నాడు. కళ్లు కూడా తుడుచుకున్నాడు. తాతకు అది కనిపించదు కాబట్టి తుడుచుకుంటున్నట్టు నోటితో చెప్పాడు కూడా.

పోతూ పోతూ నన్ను పక్కకు పిలిచి, భోజనం సీను సినిమాకు ప్రాణమనీ, నేను ఎలా వడ్డిస్తానో రాసివ్వమనీ అడిగాడు. నా కాళ్లు నేల మీద నిలవలేదు. రెండు పేజీలు రాశాను. మేం మాట్లాడుకునే "ఉండాది", "పెట్టినాను" లాంటివన్నీ పీకేసి, పేపర్లో వచ్చే తెలుగులోకి మార్చాను. మా మాట హైదరాబాదు వాళ్లు చదవాలంటే నాకే నామోషీ అనిపించింది. "తాతగారూ, మంచినీళ్లు మూడు గంటల దిక్కున ఉన్నాయి" అని రాశాను. నేను ఎన్నడైనా తాతగారూ అని పిలిస్తే, జ్వరమేమోనని ఆయన నా నుదురు పట్టుకుని చూస్తాడు. ఆ సీను హైదరాబాదులో సెట్టు వేసి తీసుకున్నారు.

ఏడాది తర్వాత సినిమా ఆత్మకూరు హాలుకు వచ్చినప్పుడు మేమిద్దరం బస్సెక్కి మార్నింగ్ షోకు పోయాం. తాత ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. తెర మీద జరిగేది నేను ఆయన చెవిలో చెప్పాలి. అందులో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. హీరో ఉన్నంతసేపూ ఎవరిదో ఒకరి మొహం తడుముతూనే ఉన్నాడు.

"ఇప్పుడేం చేస్తా ఉండాడు?"

"పిల్లోడి మొహం తడమతా ఉండాడు తాతా."

"ఇందాకే గదా తడిమినాడు. ఇంతలోనే మారిపోయిందా?"

మా ముందు వరసాయన వెనక్కి తిరిగి చూశాడు. తాతను చూశాక మళ్లీ తెరవైపు తిరిగిపోయాడు.

ఇంటర్వెల్ అయ్యాక భోజనం సీను వచ్చింది. పిల్లవాడు హీరోకు ఎదురుగా కూర్చుని "తాతగారూ, మంచినీళ్లు మూడు గంటల దిక్కున ఉన్నాయి" అన్నాడు. నా వాక్యం! ఒళ్లు పులకరించింది. హీరో కుడిచెయ్యి చాచాడు. అక్కడ నీళ్లు లేవు, పులుసు గిన్నె ఉంది. అది బోర్లాపడింది. కంగారుగా ఎడమచెయ్యి తిప్పేసరికి అటువైపున్న గ్లాసు కూడా దొర్లింది. నీళ్లు మెల్లగా, చాలా మెల్లగా, వయొలిన్లతో పాటు నేల మీదికి కారాయి. హాలంతా "అయ్యో పాపం" అంది.

గ్లాసు పడిన చప్పుడు ఆయనకు నేను చెప్పాలా? మిగతా సినిమా అంతా తాత చేతికర్రను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.

బయటికి రాగానే దర్శకుడికి ఫోన్ చేసి కడిగేశాను. "మేడమ్, మీరు రాసిచ్చినట్టే పెట్టాం. పిల్లాడికి ఏ గంట ఏ చేతివైపో కూడా మీరే రాశారు కదా. యాక్టర్ గారు చెయ్యి చాపితే దొరకలేదు. చాలా నేచురల్‌గా వచ్చింది, ఉంచేశాం" అన్నాడు. అబద్ధాలకోరు అని తిట్టి ఫోన్ పెట్టేశాను. బస్టాండు దగ్గర హోటల్లో భోజనానికి కూర్చున్నాక కూడా నా తిట్లు ఆగలేదు. తిడుతూనే తాతకు ఎదురుగా కూర్చుని, అలవాటు చొప్పున, "నీళ్లు మూడు గంటల కాడ" అన్నాను.

తాత ఎడమచెయ్యి చాచి గ్లాసు అందుకున్నాడు.

నా నోరు ఆగిపోయింది. గ్లాసు నాకు కుడివైపు. ఆయనకు ఎడమవైపు.

"ఏంది, తిట్లు అయిపోయినాయా?" అన్నాడు తాత.

"తాతా, నేను మూడంటే నువ్వు తొమ్మిదికి పోయినావే!"

"ఎదురుగా కూచోని నీ గడియారం చెప్తావు. దానికి ఆరు కలుపుకుంటే నాది. మొదటి వారమే తెలిసిపోయిందిలే."

"ఆరేళ్లుగా ఒక్కమాట చెప్పొచ్చు గదా!"

"చెప్తే నువ్వు లెక్కలేసుకుంటా కూచుంటావు. అన్నం చల్లారిపోతాది." ఒక ముద్ద తిని, నెమ్మదిగా అన్నాడు: "ఆ సినిమావోడికి రాసిచ్చింది నువ్వే గదా. పాపం, ఆ హీరోకి కళ్లుండాయి. నీ మాట నమ్మి చెయ్యి పెట్టినాడు."

సిగ్గుతో నా మొహం మండిపోయింది. హాలు దగ్గర నుంచి నేను తిట్టిన తిట్లన్నీ తిన్నగా నాకే వచ్చి తగిలాయి. లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి తాత పక్కన కూర్చున్నాను. ఇకనైనా సరిగ్గా చెబుదామని. ఇంతలో సర్వర్ వచ్చి నీళ్లు నింపి గ్లాసు తాతకు కుడివైపు పెట్టాడు, ఎడమవైపు మజ్జిగ పెట్టాడు.

"నీళ్లు మూడు గంటల కాడ తాతా" అన్నాను. ఈసారి ఆయన గడియారమే.

తాత చెయ్యి ఆరేళ్ల అలవాటున ధీమాగా ఎడమకు పోయింది. మజ్జిగ గ్లాసు దొర్లి, ఇస్త్రీ చొక్కా బొడ్డు దాకా తడిసింది.

"అయ్యో పాపం, పెద్దాయన" అన్నారు పక్క బల్లవాళ్లు, హాల్లో జనం అన్నట్టే.

నాకు ఏడుపొచ్చేసింది. ఇన్నేళ్లలో ఆయన ఒలకబోసిన మొదటి గ్లాసు అది, అదీ నా వల్లే. తాత తడిచెయ్యి విదిలించుకున్నాడు.

"నువ్వు పోయి ఎదురుగా కూచో పాపా" అన్నాడు. "ఎప్పుడూ చెప్పినట్టే తప్పుగా చెప్పు."

పోయి కూర్చున్నాను. కళ్లు తుడుచుకుని "నీళ్లు తొమ్మిది గంటల కాడ" అన్నాను. తాత కుడిచెయ్యి చాచి గ్లాసు తీసుకున్నాడు. చుక్క తొణకలేదు.