జేజి పప్పుగుత్తి, పడమటి గోడ

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం భోంచేసి అలా నడుం వాల్చానో లేదో, ఇంటి పక్కన దబ్బుమని చప్పుడయింది. బయటికి వెళ్ళి చూస్తే పడమటి గోడ మీది సిమెంటు పూత చాపంత పెచ్చు ఊడి, మా ఆయన స్కూటరు సీటు మీద పడి ముక్కలై ఉంది. బస్సు డిపోలో జీవితమంతా బండ్లు బాగుచేయించిన మనిషి కదా, ఆయన ముందు స్కూటరుకు ఏమైందోనని చుట్టూ తిరిగి చూసుకుని, సీటు దులిపి, దాన్ని తూర్పు వైపుకు తోసి నిలబెట్టి, ఇక సమస్య తీరిపోయినట్టు లోపలికి వచ్చి పేపరు తీశారు. గోడ సంగతి ఏమిటని నేనడిగితే, "గోడ యాడికీ పోదులే, వానలు పోయినాక సూద్దాం" అన్నారు.

ఆ 'సూద్దాం' వినగానే నాకు మా జేజి గుర్తొచ్చింది. మా నాయనను కన్న తల్లి, పొట్టి మనిషి, గట్టి గొంతు. ఇంట్లో ఎవరు ఏ పనిని వెనక్కి నెట్టబోయినా ఆమెకు చెవిలో చీమ దూరినట్టుండేది.

మా ఊరు శింగనమల దగ్గర. మాది రాళ్ళూ మట్టీ పెట్టి కట్టిన ఇల్లు, పైన సున్నపు గార పూత. నా ఈడువాళ్ళకు గార అంటే చెప్పనక్కర లేదు గానీ, ఈ కాలం పిల్లలు సున్నమంటే తాంబూలంలోకి అనుకుంటారు. ఏటా ముంగారుకు, అంటే తొలకరి వానలకు ముందు, ఎండలు ఇంకా మండుతూ ఉండగానే, జేజి వంటింట్లోంచి పప్పుగుత్తి పట్టుకుని బయలుదేరేది. ఇంటి చుట్టూ తిరుగుతూ, గోడకు చెవి దగ్గరగా పెట్టి, పప్పుగుత్తి తలకాయతో టక్ టక్‌మని తట్టేది. గట్టిగా పలికితే ముందుకు పోయేది, డొల్లగా పలికితే ఆగి, ఎంతమేరకు డొల్ల ఉందో తట్టి తేల్చుకుని, దాని చుట్టూ బొగ్గుతో గీత గీసేది. తర్వాత నేను ఆస్పత్రిలో నర్సుగా చేరినప్పుడు డాక్టర్లు రోగి వీపు మీద వేళ్ళు ఆనించి తట్టి వినడం చూసి, ఇది మా జేజి విద్యే కదా అని నవ్వుకున్నాను.

ఆ గీతలకు ఆమె దగ్గర ఒక లెక్క ఉండేది. గుండ్రాలు విడివిడిగా ఉంటే అక్కడక్కడ గార తీసి అతుకు వేస్తే చాలు, ఒక గుండ్రం ఇంకో గుండ్రాన్ని తాకిందంటే అతుకులతో నిలవదు, గోడ గోడంతా తీసి మళ్ళీ వేయవలసిందే. ఇన్నేళ్ళలో ఎందరో ఇంజనీర్లతో మాట్లాడాను గానీ, పూత ఎప్పుడు మార్చాలన్న ప్రశ్నకు ఇంత తేలికైన జవాబు నాకింకెవరూ చెప్పలేదు.

అయితే మా సీమలో ఒక చిక్కుంది. ఇక్కడ గోడను చెరిపేది వాన కాదు, ఎండ. ఏడాది పొడుగునా కాగి కాగి గార రాతిని వదిలేస్తుంది, కానీ పైకి ఏమీ కనబడదు. వాన లేదు కాబట్టి గోడకేం కాలేదని అందరూ నమ్ముతారు. పైగా గార వేయడానికి చేతిలో డబ్బు ఆడేది వేరుశనగ పంట వచ్చాకే, పంట రావాలంటే వాన రావాలి, ఆ వానే వస్తే పగిలిన గోడ కాస్తా కూలుతుంది. ఈ ముడి విప్పలేక మా ఊళ్ళో ప్రతి ఇంటివాళ్ళూ గోడ పనిని వచ్చే ఏటికి తోసేవాళ్ళు, మా నాయనతో సహా.

నాకు బాగా ఊహ తెలిసిన ఏడు, పడమటి గోడ మీద గుండ్రాలు కలిసిపోయాయి. ఆ గోడకు అవతలి గదిలోనే విత్తనం వేరుశనగ కాయల మూటలుండేవి. మంచి కాయలన్నీ ఏరి, తినకుండా, అమ్మకుండా దాచుకున్నవి, అవి తడిసి బూజు పట్టాయంటే ఆ ఏడు చేను బీడే. జేజి రోజూ పోరింది. నాయన, "వానే లేదు గదమ్మా, గోడకేమైతాది? పంట రానీ, సూద్దాం" అనేవాడు. "పంట రావల్లంటే వాన రావల్ల. అంతవరకూ ఈ గోడ నీ కోసరం కాసుకోని కూసుంటాదా?" అని ఆమె. నాయన నవ్వి కండువా దులుపుకుని చేనికి వెళ్ళిపోయేవాడు.

ఆ రోజుల్లోనే నాయన ఏదో పెళ్ళికని గుత్తి వెళ్ళాడు. ఆయన వెళ్ళిన బస్సు దుమ్ము ఇంకా అణగక ముందే జేజి కొంగు బిగించి, గడ్డపార తీసుకుని గోడ దగ్గరికి నడిచింది. మా అమ్మ భయపడి వద్దని బతిమాలింది, తర్వాత తానే తట్ట చేతబట్టుకుని పెళ్ళలు ఎత్తిపోసింది. నేనూ ఎత్తాను. నాయన తిరిగి వచ్చేసరికి గోడ మీద ఒక్క గార పెచ్చు లేదు, రాళ్ళూ, వాటి మధ్య ఎర్రమట్టీ బయటపడి ఉన్నాయి. ఆయన సంచి కింద పడేసి, "ఎవురు పెరికినారమ్మా ఇది?" అని అరిచాడు. జేజి తొణక్కుండా, "నేనే కొట్టేసినా. ఇంగ సూద్దామనేకి లేదు, చెయ్యల్ల" అంది.

మర్నాడు తెల్లవారగానే నాయన మా ఎద్దులను తోలుకుని సున్నపు గానుగ దగ్గరికి పోయాడు. సున్నం, ఇసుక గానుగలో పోసి ఎద్దులతో తిప్పించి, కరక్కాయ నానిన నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిపి గార నూరించాడు. పంట వచ్చాక కూలిస్తామంటే ఒప్పుకున్న మేస్త్రీ పూస్తుంటే ఆడవాళ్ళం నున్నటి రాళ్ళతో రుద్ది మెరుగు పెట్టాం. అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. కొత్త గార ఆరిపోకుండా పూటపూటకూ తడపాలి, బావిలో చూస్తే నీళ్ళు అడుగున ఉన్నాయి. "ఏమప్పా, మాకు తాగేకే నీళ్ళు ల్యావు, మీరు గోడకు దప్పిక తీరుస్తాండారా?" అని ఎకసెక్కాలాడిన ఎదురింటి పిన్నమ్మే, సాయంత్రానికి తన ఇంట్లో పాత్రలు కడిగిన నీళ్ళు బిందెలో పట్టుకుని వచ్చి గోడ మీద చల్లింది. ఆమెను చూసి వీధంతా బిందెలతో కదిలింది.

వాన వచ్చింది. పడమటి గాలితో కలిసి గోడను బాది బాది వచ్చింది. అందరూ వాకిట్లో తడుస్తూ గంతులేస్తుంటే, నాయన ఒక్కడూ విత్తనాల గదిలోకి వెళ్ళి, లోపలి వైపు గోడకు అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. పొడిగా ఉంది. బయటికి వచ్చి జేజి పక్కన అరుగు మీద కూర్చున్నాడు. మరుసటేడు ముంగారుకు ముందు, ఎవరూ చెప్పకుండానే వంటింటి గడప దగ్గర నిలబడి, "అమ్మా, పప్పుగుత్తి ఇట్లియ్యి" అన్నాడు. జేజి ముఖంలో ఆ రోజు చూసిన సంతోషం నేను మళ్ళీ ఎవరి ముఖంలోనూ చూడలేదు.

ఇంతకూ ఇప్పుడు మేముంటున్న కళ్యాణదుర్గం ఇంటి గోడ కథ. రంగుల మేస్త్రీ వచ్చి, పగుళ్ళు పూడ్చి పైన మంచి రంగు వేస్తే కొత్తిల్లులా ఉంటుందన్నాడు. మా ఆయనకు ఆ మాట తెగ నచ్చింది. కానీ ఆ గోడకు అవతలే మా కోడలి కుట్టు మిషన్లున్నాయి. ఊళ్ళోవాళ్ళు నమ్మి ఇచ్చిన పట్టుచీరలూ జాకెట్టు గుడ్డలూ అక్కడే ఉంటాయి, కరెంటు బోర్డు కూడా ఆ గోడకే ఉంది. నీళ్ళు లోపలికి దిగితే పోయేది గోడ ఒక్కటే కాదు, ఆ పిల్ల కష్టపడి సంపాదించుకున్న పేరు కూడా.

కుక్కరూ మిక్సీ వచ్చాక పప్పుగుత్తి ఎక్కడ పెట్టామో కూడా మరిచిపోయాం. అటక మీది నుంచి వెతికి దింపి, నేను గోడ తడుతుంటే కోడలు తన కొలతల సుద్దముక్కతో గీతలు గీసింది. మొదట నా ముచ్చట తీర్చడానికే వచ్చింది గానీ, కాసేపటికి తానే పప్పుగుత్తి లాక్కుని, "అత్తా, ఈడ డొల్లగుండాది, ఇను" అని గోడకు చెవి పెట్టింది. గుండ్రాలు ఒకదాన్నొకటి తాకాయి, ఇక నాకు అనుమానమే లేకపోయింది. మా ఆయన పాత స్నేహితుణ్ణి చూడడానికి గుత్తి వెళ్ళిన రోజున మనుషుల్ని పిలిపించి పూతంతా దింపించేశాను. సాయంత్రం వచ్చి ఇటుకలు చూసి నోరు తెరిచిన మనిషికి, జేజి చెప్పిన జవాబే చెప్పాను.

కొత్త పూత పూర్తయింది. దానికి నీళ్ళు ఇప్పుడు మోటారు పైపులోంచి వస్తాయి, మీట నొక్కితే చాలు. ఎగతాళి చేసే పిన్నమ్మ లేదు, బిందె పట్టుకుని వచ్చేవాళ్ళూ లేరు, మా ఇంట్లో పని జరిగిన సంగతే పక్కింటివాళ్ళకు తెలియలేదు. గోడ గట్టిగానే ఉంది, అందులో నాకే అనుమానమూ లేదు. అయినా తడుపుతున్నంతసేపూ ఒంటరిగా అనిపించింది. పప్పుగుత్తిని కోడలు మళ్ళీ అటకెక్కనివ్వలేదు, కత్తెర పక్కన మేకుకు తగిలించుకుంది.

వాన మాత్రం ఇంకా రాలేదు. రోజూ సాయంత్రం నేనూ కోడలూ పడమటి వైపు చూస్తూ కూర్చుంటున్నాం. ఒకప్పుడు ఊరంతా మాతో కూర్చుని అటే చూసేది. పోనీ, వాన వచ్చిన రోజు ముందుగా ఆ గదిలోకి వెళ్ళి గోడకు అరచెయ్యి ఆనించి చూసేది తానేనని మా ఆయన ఇప్పటికే చెప్పేశారు.