పరుపులావిడ, ఎడంకాలు

పరుపుల కొట్టు నడిపే ఆవిడకు ఫుట్‌బాల్ పిచ్చి ఎలా పట్టుకుందో ఇంట్లో ఎవరికీ అంతుచిక్కలేదు. కొట్టు వెనకే మైదానం. దూది ఏకే మిషను ఆపి టీ తాగేటప్పుడల్లా కిటికీ దగ్గర చేరేది.

అలా ఆవిడ కంట పడింది ఎడంకాలు. అది అక్కడ ఆడే ఓ పిల్లకి తోటివాళ్లు పెట్టిన పేరు. కుడికాలు ఉన్నది నిలబడ్డానికే అన్నట్టు, బంతి ఎటునుంచి వచ్చినా ఎడంకాలితోనే తన్నేది. తల్లి లేదు. తండ్రి లారీ డ్రైవరు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. నోరు తెరిచిన బూటుని తాడుతో కట్టుకుని ఆడుతుంటే చూడలేక పరుపులావిడ కొత్త జత కొనిచ్చింది. తర్వాత మంచి కోచ్ దగ్గర చేర్పించింది. ఫీజు, బస్సు చార్జీలు, పాలు, గుడ్లు అన్నీ తనే చూసుకుంది.

"ఊళ్లోవాళ్ల పిల్లలకి బూట్లు. మరి నా సంగతేంటే?" అనేవాడు భర్త.

"నువ్వూ ఓ గోల్ కొట్టు, కొనిస్తా."

కొన్నేళ్లకి ఎడంకాలు రాణించింది. పెద్ద క్లబ్బు వాళ్లు జూనియర్ జట్టులోకి తీసుకుంటామన్నారు. వాళ్ల మనిషి కాగితాలు పట్టుకుని నేరుగా కొట్టుకే వచ్చాడు. పరుపులావిడ కుర్చీ తుడిచి వేసింది. ఎడంకాలు మాత్రం పెన్ను ముట్టుకోలేదు.

"పిన్నీ, నాకు ఆడాలని లేదు."

"ఎప్పట్నుంచి?"

"చాన్నాళ్లయింది. రేపు మ్యాచ్ అంటే వాన పడి ఆగిపోతే బాగుండుననుకుంటా. నువ్వింత ఖర్చు పెడుతున్నావని చెప్పలేకపోయాను."

"ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావే!" అని గట్టిగానే అరిచింది పరుపులావిడ. క్లబ్బు మనిషి కాగితాలు సర్దుకుని వెళ్లిపోయాడు. పిల్ల ఏడుస్తూ ఇంటికి పోయింది.

ఆ రోజే పరుపులావిడ కిటికీ మూసేసింది. దూది ధూళి బయటికి పోయే దారి లేక, పనివాళ్లు దగ్గుతూ కుట్లు వేశారు. ఓ పొద్దున భర్తే వెళ్లి కిటికీ తెరిచాడు.

ఆ సాయంత్రం ఆవిడ ఎడంకాలు ఇంటికి వెళ్లింది. "ఆడాలనుందా అని నేనూ ఎప్పుడూ అడగలేదులే," అంది గుమ్మంలోనే. "ఇప్పుడేం చేద్దామని?"

"నాన్నలా లారీ నడుపుతా."

"ఎడంకాలికి క్లచ్చు ఉందిగా, సరిపోతుంది. డ్రైవింగ్ స్కూల్‌కి నేను కడతా."

"వద్దు పిన్నీ. మళ్లీ నీ డబ్బుంటే, నచ్చకపోయినా నడుపుతా."

పరుపులావిడకి మనసు చివుక్కుమంది. కానీ ఆ మాట కాదనలేకపోయింది. వయసొచ్చాక పిల్ల తండ్రి దగ్గరే నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. ఇప్పుడు తండ్రీకూతుళ్లు ఒకే లారీ మీద వంతులవారీగా తిరుగుతున్నారు.

ఆవిడ మళ్లీ ఎవరికీ బూట్లు కొనదని అందరూ అనుకున్నారు. కానీ ఎడంకాలు ఆట మానేసి ఏడాది తిరక్కుండానే ఓ గోల్‌కీపర్ కుర్రాణ్ణి కొట్టుకి పిలిపించింది.

"ఎవరూ చూడకపోయినా ఆడతావా?"

"ఆడనండీ. నలుగురూ అరుస్తుంటేనే నాకు హుషారు."

ఆవిడకి నవ్వొచ్చింది. వాడికి గ్లవ్స్ కొనిచ్చింది, కోచ్‌కి ఫీజు కట్టింది. వాడు పెద్ద జట్టుకి వెళ్తాడో లేదో కోచ్ కూడా తేల్చి చెప్పడం లేదు. వాడి మ్యాచ్‌లకి భార్యాభర్తలిద్దరూ వెళ్తున్నారు. ఆఫ్‌సైడ్ రూలు ఏంటో ఆయనకి ఇంకా అర్థం కాలేదు.