నేను చూశానంతే

నా మీద పడాల్సిన నింద ఇంకో మనిషి మీద పడింది. దాన్ని దించగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. దించలేదు. ఈ సంగతి మా ఆవిడకు కూడా చెప్పకుండా ఇన్నేళ్ళు మోశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. ఇదీ ఒక రకం పిరికితనమే, ఒప్పుకుంటాను.

రెండువేల దశకం మధ్యలో నేను సౌదీలో, ధహ్రాన్ దగ్గర ఒక చిన్న కంపెనీలో ఇంజనీరుని. మాది గోదావరి వైపు. మా ఆవిడ అక్కడే ఆసుపత్రిలో నర్సు. మా కంపెనీ కోళ్ళ ఫారాల్లో ఫ్యాన్లను నడిపే కంట్రోలర్లు తయారుచేసేది. తబూక్ దగ్గర ఒక పెద్ద ఫారంలో మాది పెట్టారు. అంత ఎండలో, అన్ని వైపులా మూసిన షెడ్డు. ఫ్యాన్లు ఆగితే కోళ్ళు ఎంతోసేపు బతకవు. అందుకే ఫ్యాన్లు ఆగిన మరుక్షణం డ్యూటీ గదిలో గంట మోగేలా పెట్టాం.

ఆ షెడ్డు మెయింటెనెన్సు చూసేది రాజన్న. జగిత్యాల వైపు మనిషి, వయసులో నాకంటే పెద్ద. అతని ముఖం నేనెప్పుడూ చూడలేదు. ఫోనులో గొంతే పరిచయం. షెడ్డులో వేడి చూపించే అంకె ఉన్నట్టుండి ఎగిరిపడుతోందని ఫిర్యాదు వస్తే, అక్కడ ఒక ల్యాప్‌టాప్‌ను రాజన్న చేత కంట్రోలర్‌కు తగిలించి, నేను ధహ్రాన్‌లో కూర్చుని ఇంటర్నెట్ మీదుగా దాని ప్రాసెసర్ లోపలికి చూస్తుండేవాణ్ణి. కేబుల్ ఎటు పెట్టాలో చెబుతూ నేను విసుక్కున్నా, అతను ఏనాడూ విసుక్కోలేదు.

ప్రాసెసర్ లోపల రిజిస్టర్లని ఉంటాయి. చిన్న చిన్న గూళ్ళనుకోండి. ఫ్యాన్లు ఆగితే ఒక గూట్లో సున్నా పోయి ఒకటి వస్తుంది. ప్రోగ్రాం ఆ గూడు చదివి, ఒకటి కనిపిస్తే గంట కొడుతుంది. అయితే అది చదివితే చెరిగిపోయే రకం. ఎవరైనా ఒక్కసారి చదివారా, ఒకటి పోయి మళ్ళీ సున్నా. కాబట్టి ముందు చదివేది ప్రోగ్రామే కావాలి. ఈ ముక్క చిప్ తయారుచేసినవాళ్ళ పుస్తకంలో రాసే ఉంది. నేను చదివాను కూడా. చదివి మరిచిపోయాను.

ఆ రోజు మధ్యాహ్నం ఆ గూళ్ళన్నిటినీ చూపించే విండో తెరిచిపెట్టి భోజనానికి లేచాను. అది తనంతట తాను వాటిని మళ్ళీ మళ్ళీ చదువుతూనే ఉంటుంది. వేడి అంకె ఎప్పుడు ఎగురుతుందో పట్టుకుందామని నా ఆశ. నేను చేపల కూర కలుపుకుంటున్న వేళ తబూక్‌లో ఫ్యాన్ల కరెంటు లైను ట్రిప్పయి అన్నీ ఆగిపోయాయి. గూట్లోకి ఒకటి వచ్చింది. ప్రోగ్రాం కంటే ముందు నా విండో దాన్ని చదివేసింది. గంట మోగలేదు. షెడ్డు పక్కన డ్యూటీ గదిలో రాజన్న ఆ గంటనే నమ్ముకుని కూర్చున్నాడు. ఎవరో వెళ్ళి షెడ్డు తలుపు తీసేసరికి కోళ్ళు గుట్టలుగా పడి ఉన్నాయట.

నేను తిరిగొచ్చి, అంకె మెల్లగా పెరిగిందే గానీ ఎగిరిపడలేదని నిరాశపడి, అది మధ్యాహ్నపు ఎండేననుకుని కనెక్షన్ తెంపేశాను. ఆ తర్వాత ఫారం ముదీర్, అంటే మేనేజరు, ఒక ఫ్యాను ఆపి చూశాడు. గంట ఖణేల్‌మని మోగింది. గంటను ఆపే స్విచ్ ఒకటి డ్యూటీ గదిలోనే ఉంటుంది. ఇంకేం కావాలి? రాజన్న స్విచ్ ఆపుకుని పడుకున్నాడని తేల్చేశారు. ముదీర్ నాకు ఫోన్ చేసి, నువ్వేమైనా మార్చావా అని అడిగాడు. నేను చూశానంతే, ఏమీ మార్చలేదు అన్నాను. అప్పటికి నాకు తెలిసినంతలో అది నిజం.

కానీ మనసు కుదురుగా ఉండనివ్వలేదు. ఆఫీసులో ఉన్న ఇంకో కంట్రోలర్‌ను బల్ల మీద పెట్టుకుని, విండో తెరిచి, ఫ్యాను వైరు పీకాను. మోగలేదు. విండో మూసి పీకాను. మోగింది. మళ్ళీ తెరిచాను, మళ్ళీ మూశాను. ఎన్నిసార్లు చేశానో! పక్క సీటాయన ఆ గోల ఆపవయ్యా బాబూ అని నవ్వాడు. నేనూ నవ్వాను. కంట్రోలర్‌ను సొరుగులో పెట్టి తాళం వేశాను.

ఆ మర్నాడే రాజన్న ఫోన్ చేశాడు.

"సార్, ఎగ్జిట్ కొడుతున్నరు నాకు, ఇంటికి పంపుతున్నరు. ముదీర్ నమ్ముతలేడు. గంట కొట్టలే సార్. నేను బంద్ చెయ్యలే, పండలే. ఆ టైంల మీరు కంప్యూటర్ల చూస్తున్నరు గదా?"

"చూస్తున్నాను."

"మరి ఒక్క మాట చెప్పుండ్రి సార్. మీరు చెప్తె ఇంటడు."

"నేను చూశానంతే రాజన్నా. ఏమీ మార్చలేదు."

"మార్చిండ్రని నేనంటలే సార్. చూసిండ్రు గదా, గది చాలు. గదే చెప్పుండ్రి."

సరేనన్నాను. చెప్పలేదు.

మాట చూడండి, అక్షరం మారలేదు. ముదీర్‌తో అన్నప్పుడు నిజం, రాజన్నతో అన్నప్పుడు అబద్ధం. అతను నన్ను సాక్షి అనుకున్నాడు. తనను ముంచినవాడితోనే మొర పెట్టుకుంటున్నానని అతనికెలా తెలుస్తుంది?

ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందని భయపడ్డానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. మా బాసు నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాడు. పోయేది నా పేరు. ఆ ఆఫీసులో చిక్కుముడి ఏదొచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. పుస్తకంలో రాసి ఉన్న ముక్క మరిచిపోయినవాడిగా వాళ్ళ ముందు నిలబడలేకపోయాను. నా పరువు కోసం అతని బతుకుదెరువు తీశాను. ఇంత చిన్నదా కారణం అని మీరు అనుకుంటారు. ఇంత చిన్నదే.

అతను వెళ్ళిపోయాక ప్రోగ్రాం మార్చాను. ఎవరు ఎన్నిసార్లు చదివినా గంట మోగేలా ఒక జాగ్రత్త పెట్టాను. ముందుచూపు ఉన్నవాడని బాసు మెచ్చుకున్నాడు. యంత్రాన్ని బాగుచేసి మనిషిని వదిలేశాను. ఆ దేశంలో చర్చికి అనుమతి లేదు, అందుకని శుక్రవారాలు ఎవరో ఒకరింట్లో కర్టెన్లు వేసుకుని, గొంతు తగ్గించి పాటలు పాడుకుని ప్రార్థన చేసుకునేవాళ్ళం. అక్కడ దేవుడి ముందు ఈ తప్పు చాలాసార్లు ఒప్పుకున్నాను, మనసులోనే. అది తేలిక. దేవుడికి ఎవరూ ఎగ్జిట్ కొట్టరు కదా.

కొన్నేళ్ళకు జగిత్యాల వైపు నుంచే వచ్చిన ఒక ఎలక్ట్రీషియన్ మాటల్లో రాజన్న ఊసు వచ్చింది. "పండుకోని కోళ్ళను సంపిండంట. మళ్ళ ఏ ఏజెంటు వీసా ఇయ్యలే" అన్నాడు, నవ్వుతూ. కాదు అనడానికి అప్పుడైనా నోరు పెగలాలి కదా? టీ చల్లారిపోతోంది తాగమన్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు. రాజన్న ఎదురుపడినా నేను పోల్చుకోలేను. గొంతు వింటే మాత్రం గుర్తుపడతాను, ఆ గొంతంటే నాకిప్పటికీ భయం. అప్పుడు నేను ముదీర్‌కు చెప్పాల్సిన మాట ఇక్కడ పెడుతున్నాను.

రాజన్న పడుకోలేదు. స్విచ్ ముట్టుకోలేదు. గంట మోగకుండా చేసింది నేను.