ఇంగ్లీషు రాతబల్ల దగ్గర దొరికిపోయాను

అరవై తొమ్మిదిలో, ప్రత్యేక తెలంగాణ గొడవల రోజుల్లో, మలక్‌పేటలో ఉన్న అక్కను చూడటానికి తెనాలి నుంచి బయలుదేరాను. ముందు రాళ్లు పడుతున్నాయని బస్సును దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఆపేశారు. పక్కనే ఉన్న వడ్రంగి కొట్టులోకి దూరాను.

కొట్టు యజమాని నర్సింహాచారి ఒక పాత ఇంగ్లీషు రాతబల్లను బాగుచేస్తున్నాడు. సొరుగు లాగి చూపించాడు. ఎక్కడా మేకు లేదు. చెక్క అంచులను పళ్లలా కోసి ఒకదానిలో ఒకటి బిగించారు.

"ఎంత బాగా కలిపారండీ!" అన్నాను, ఒళ్లు మరిచి.

నా యాస విని చారి ఉలి పక్కన పెట్టాడు. "ఆంధ్రోళ్లా?"

తలూపాను.

"మా రాష్ట్రం మాకు గావాలె. గది వేరే ముచ్చట. గీ బల్ల సముద్రం దాటొచ్చింది, మీరు కృష్ణ దాటొచ్చిండ్రు. చాయ్ తాగుండ్రి."

సాయంత్రం నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని మలక్‌పేటకు బయలుదేరాడు. దారిలో కొందరు ఆపి, నేనెవరని అడిగారు.

"మా బామ్మర్ది. పాపం, మాటలు రావు," అన్నాడు చారి.

వాళ్లు జాలిపడి దారిచ్చారు. ఇక అక్కడి నుంచి చారి ఆగలేదు. "మీ అక్క కూరల ఉప్పెయ్యదు బామ్మర్దీ, జర చెప్పరాదు," అంటూ మలక్‌పేట దాకా భార్య మీద నేరాలు చెబుతూనే ఉన్నాడు. ఎన్నడూ చూడని ఆ అక్క తరఫున ఒక్క మాట అనే వీలు కూడా నాకు లేకపోయింది.